గుడ్డు కిటికీలోంచి: కొత్త రక్తనాళాలను ఆపే మందుతో మా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 20

రేపు తెల్లవారుజామున గుడ్లు తెచ్చుకోవాలి. వాటికంటే ముందు ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ల్యాబ్ రికార్డులో తేదీలు, అంకెలు ఉంటాయి. ఎందుకు చేశాం, చేస్తుంటే ఏం కనబడింది, ఎక్కడ పొరపాటు పడ్డాం అన్నవి అందులో పట్టవు.

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఇది. పొదుగుతున్న కోడిగుడ్డులో, పెంకు లోపలి అంచుకు ఆనుకుని పలచటి పొర ఒకటి పెరుగుతుంది. పిండానికి ఊపిరితిత్తుల పని చేసేది అదే. పెంకులోని సన్నని రంధ్రాల గుండా గాలిని తీసుకోవాలి కాబట్టి దాని నిండా రక్తనాళాలే ఉంటాయి. వారం రోజుల్లో ఏమీ లేని చోట ఒక పెద్ద అల్లిక తయారవుతుంది. ఆ పొర మీద సొరాఫెనిబ్ అనే మందు వేసి, కొత్త నాళాలు పుట్టడం ఎంత తగ్గుతుందో లెక్కపెట్టాలి. ల్యాబుల్లో దీన్ని 'క్యామ్' పరీక్ష అంటారు.

సొరాఫెనిబే ఎందుకంటే మా పెదనాన్న. లివర్ క్యాన్సర్. ఆపరేషన్‌కి వీలుకాని దశలో బయటపడింది. పొద్దున రెండు, రాత్రి రెండు బిళ్ళలు, ఖాళీ కడుపుతో వేసుకునేవారు. "గడ్డకి రక్తం అందకుండా చేసే మందు" అని డాక్టరుగారు చెప్పారు. ఇంట్లో అందరం దాన్ని గడ్డని ఎండగట్టే మందు అనుకున్నాం. రెండు నెలలకి స్కాన్ తీస్తే గడ్డ ఉన్నంతే ఉంది. పెరగలేదు, తగ్గలేదు. ఆ రాత్రి పెద్దమ్మ బిళ్ళల డబ్బా చేతిలో పట్టుకుని, "ఇవి అసలువేనా? ఎవరైనా మనల్ని మోసం చేస్తున్నారా?" అని నన్ను అడిగింది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. నాకు తెలియలేదు.

పెదనాన్న ఆ తర్వాత ఏడు నెలలు ఉన్నారు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 21

ఎండ ముదరకముందే షాద్‌నగర్ వైపు ఉన్న హ్యాచరీకి వెళ్లి, 40 గుడ్లు తీసుకుని ఏడున్నరకల్లా ల్యాబులో ఉన్నాం. కిరాణా షాపు గుడ్లు దీనికి పనికిరావు. అవి పుంజు లేకుండా పెట్టిన గుడ్లు, ఎన్నాళ్లు వెచ్చగా ఉంచినా పిండం కట్టదు. హ్యాచరీలో పనిచేసే అన్నకి ఎందుకో చెబితే, ఒక్కో గుడ్డూ చేత్తో తడిమి, పెంకు గరుగ్గా ఉన్నవి చాలావరకు పక్కనపెట్టి, నున్నటివి ఏరి ఇచ్చాడు. "కోసేటప్పుడు గరుకు పెంకు పగుల్తది చెల్లె" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో మూడు రోజుల్లో తెలియబోతోందని నాకు అప్పుడు తెలియదు.

ఆల్కహాల్‌తో తుడిచి, అడ్డంగా పడుకోబెట్టి, పైకి ఉన్న వైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టాం. 37.5 డిగ్రీలు, తేమ 60 శాతం. మా ఇంక్యుబేటర్‌లో తేమ దానంతట అది నిలవదు. అడుగున నీళ్ల ట్రే పెట్టి పూటపూటా చూసుకోవాలి.

ఏప్రిల్ 23

గుడ్లతో పని లేని రోజు. లైబ్రరీలో కూర్చుని జూడా ఫోక్‌మన్ అనే అమెరికన్ సర్జన్ గురించి చదివాను.

1960ల మొదట్లో ఆయన అమెరికా నౌకాదళం ల్యాబులో ఉన్నాడు. ఓడల్లో నిల్వ ఉంచడానికి రక్తానికి బదులు వాడే ద్రవం తయారుచేయడం ఆయనకిచ్చిన పని. జంతువుల నుంచి తీసిన థైరాయిడ్ గ్రంథిని గాజు పాత్రలో పెట్టి, ఆ ద్రవం ఎక్కిస్తూ బతికించేవాడు. అందులో క్యాన్సర్ కణాలు వేసి చూశాడు. గడ్డలు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగి ఆగిపోయాయి. చచ్చిపోయాయా అంటే, లేదు. వాటినే తీసి ఎలుకలో పెడితే మళ్లీ విజృంభించాయి. తేడా ఎక్కడుందో ఆయన పట్టుకున్నాడు. ఎలుకలో గడ్డలోకి కొత్త రక్తనాళాలు వచ్చాయి, గాజు పాత్రలో రాలేదు. గడ్డ తనకు కావలసిన నాళాలను తానే పిలిపించుకుంటుందని, ఆ పిలుపును ఆపితే గడ్డను ఆపవచ్చని 1971లో ప్రకటించాడు. చాలామంది ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. ఆ నాళాలు ఒట్టి వాపు వల్ల వచ్చినవేనని కొట్టిపారేశారు.

ఆ పిలుపు ఏమిటో దొరకడానికి 18 ఏళ్లు పట్టింది. 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడదీసింది. అంతకు ఆరేళ్ల ముందే హెరాల్డ్ డ్వోరాక్, డోనాల్డ్ సెంగర్‌లు నాళాల నుంచి నీరు ఊరేలా చేసే పదార్థాన్ని ఒకదాన్ని పట్టుకున్నారు. తర్వాత చూస్తే రెండూ ఒకటే. గడ్డ లోపల ఆక్సిజన్ అందని కణాలు దీన్ని బయటికి వదులుతాయి. పక్కనున్న రక్తనాళం గోడలో దీన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. అవి మేల్కొనగానే నాళం చిగురు తొడిగి గడ్డవైపు పాకుతుంది.

ఫోక్‌మన్ పనిచేసింది బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో. 1940ల చివర్లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకి అమినోప్టెరిన్ ఇచ్చింది కూడా అక్కడే. ఆ మందును తయారుచేసి పంపిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మా క్లాసులో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకైనా ఇది ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది అనిపించింది.

ఏప్రిల్ 24

కిటికీలు తెరిచిన రోజు.

ముందు చీకటి గదిలో టార్చి మీద గుడ్డు పెట్టి చూడాలి. ఊళ్లో నాయనమ్మ పొదుగు పెట్టిన గుడ్లను దీపానికి అడ్డం పెట్టి చూసి, మురిగిపోయేవాటిని తీసేసేది. పని అదే, టార్చి మాత్రం ఎల్ఈడీ. 40లో 34 నిలిచాయి.

సన్నటి కొనవైపు సూదితో బెజ్జం పెట్టి, సిరంజితో మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగాలి. అలా లాగితే లోపల మట్టం దిగి, పిండం పైపెంకును వదిలి కిందికి జారుతుంది. అప్పుడు పెన్సిల్ గుర్తు దగ్గర సన్న కత్తెరతో ఒకటిన్నర సెంటీమీటర్ల చదరం కోయాలి. మొదటి రెండు గుడ్లు నా చేతిలో పగిలిపోయాయి. మూడోది తెరుచుకుంది.

పచ్చసొన మీద ఆవగింజంత ఎర్రచుక్క. అది కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా చుట్టూ ఉన్న దారాల్లాంటి ఎర్రగీతలు ఒక్కసారి నిండి మళ్లీ పలచబడుతున్నాయి. పక్కన నిలబడ్డ జూనియర్ ఊపిరి బిగబట్టి చూస్తోంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత టేపు అంటించి లోపల పెట్టేశాను. 12వ రోజు దాటి ఏ గుడ్డునీ ఉంచకూడదన్నది మా ల్యాబు నియమం. అది ఎందుకో చెప్పనక్కరలేకుండానే ఇవాళ అర్థమైంది.

ఏప్రిల్ 27

రాత్రి గాలివాన. కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది, కానీ ఇంక్యుబేటర్ ప్లగ్ ఆ లైనులో లేదు. ఈ సంగతి మాలో ఒక్కరమూ ముందు చూసుకోలేదు. పొద్దున వచ్చేసరికి లోపల 29 డిగ్రీలు. మధ్యాహ్నం టార్చి పెట్టి చూస్తే 32లో 15 మాత్రమే బతికున్నాయి. ఏడుపొచ్చింది. మా గైడ్ మేడం తిట్టలేదు. "ప్లగ్ మార్చి లేబుల్ అంటించు. ఉన్న పదిహేనుతో ముందుకు వెళ్లు" అన్నారు.

ఏప్రిల్ 29

ఎనిమిదో రోజు, మందు వేయాలి. పొడిని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపితే నీళ్లలా తేటగా కరిగింది. దాన్ని సెలైన్‌లో పోయగానే గంజి నీళ్లలా తెల్లబారింది. సొరాఫెనిబ్‌కు నీళ్లంటే అసలు పడదు. కరిగినట్టే కరిగి, నీళ్లు తగలగానే మళ్లీ పొడిగా విడిపోతుంది. అది అలాగే వేస్తే గుడ్డు మీద మందు ఎంత పడిందో ఎవరికి తెలుస్తుంది? అయినా గుడ్లు ఆగవు కదా. గాఢత బాగా తగ్గించి, గోరువెచ్చగా ఉంచి, కొద్దికొద్దిగా కలిపితే ఒక మోతాదు తేటగా నిలిచింది. చిన్న ఫిల్టర్ పేపర్ బిళ్ళలు దాంట్లో తడిపి పొర మీద పెట్టాం. పోల్చి చూడటానికి ఉంచిన కంట్రోల్ గుడ్లకి అంతే డీఎంఎస్‌ఓ కలిపిన సెలైన్, మందు లేకుండా.

మే 1

మొదటి విడత ఫలితం తలకిందులుగా వచ్చింది. మందు వేయని గుడ్లలోనే బిళ్ళ చుట్టూ నాళాలు బండిచక్రం ఆకుల్లా నాలుగువైపుల నుంచీ దూసుకొచ్చాయి. "మందు సంగతి తర్వాత. ఉత్త సెలైన్ వేసిన చోట ఇన్ని నాళాలు ఎందుకొచ్చాయో అది చెప్పు ముందు" అన్నారు మేడం.

మైక్రోస్కోప్ కింద పొరను మెల్లగా జరుపుతూ అరగంట చూస్తే కనబడింది. బిళ్ళ అంచున ఉప్పురవ్వల్లా తెల్లటి నలుసులు. పెంకు పొడి. కిటికీ కోసేటప్పుడు గరుకు పెంకుల నుంచి రాలింది. అది పడినచోట పొర వాచి, ఆ వాపే కొత్త నాళాలను పిలుస్తుంది. ఫోక్‌మన్‌ను కాదన్నవాళ్ల అనుమానం ఇలాంటిదే కదా! వాపు వల్ల వచ్చే నాళాలూ ఉంటాయి, అవి నా కళ్లముందే ఉన్నాయి. అందుకే కంట్రోల్ లేకుండా ఈ రంగంలో ఏ మాటా నిలబడదు. ఇంకొన్ని గుడ్లలో నాళాలు పెరగనే లేదు. పేపర్ బిళ్ళ ఆరిపోతూ పొరను ముడతలు పెట్టింది, పాత నాళాలే దగ్గరికి చేరి ఎక్కువ ఉన్నట్టు కనిపించాయి.

ఈ విడత లెక్కలేవీ వాడం.

మే 6

మేడంతో కూర్చుని రెండో విడత పద్ధతి మార్చాం. కోసే చోట ముందు టేపు అంటించి టేపుతో సహా కోయాలి, అప్పుడు పొడి రాలదు. ఫిల్టర్ పేపర్ బదులు పలచటి సిలికాన్ రింగు పెట్టి అందులో 20 మైక్రోలీటర్లు వేయాలి. గుడ్ల మీద కోడ్ నంబర్లు జూనియర్ వేస్తుంది, ఏది మందు ఏది కంట్రోల్ అన్నది లెక్కపెట్టే నాకు తెలియకూడదు.

మందు పొడి ధర గురించి మాట వచ్చి ఇంకో సంగతి చదివాను. ఇది మన హైదరాబాద్ కథ కాబట్టి రాయకుండా ఉండలేను. సొరాఫెనిబ్ పేటెంట్ అప్పట్లో బేయర్ కంపెనీది. నెలకి 120 బిళ్ళలు, వాటి ధర అప్పుడు 2,80,428 రూపాయలు. హైదరాబాద్ కంపెనీ నాట్కో ఫార్మా దీన్ని ఎంతో తక్కువకి ఇస్తానని తప్పనిసరి లైసెన్సు, అంటే వేరేవాళ్ల పేటెంట్ ఉన్నా తయారుచేసుకునే అనుమతి, అడిగింది. ధర నెలకి 8,880 రూపాయలు మించకూడదన్న షరతుతో 2012 మార్చి 9న పేటెంట్ కంట్రోలర్ ఇచ్చారు. మన దేశంలో అలా ఇచ్చిన మొదటి లైసెన్సు అదే. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా అది నిలిచింది. 2,80,428 ఎక్కడ, 8,880 ఎక్కడ! పెదనాన్నకు నెలనెలా కొనగలిగామంటే దాని వెనక ఇంత జరిగిందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

మే 12 నుంచి 20

రెండో విడత, 48 గుడ్లు. ప్లగ్ ఇన్వర్టర్ లైనులో ఉంది. 15న 41 కిటికీలు, టేపు పద్ధతి బాగా పనిచేసింది. రెండు గుడ్లకి బూజు పట్టింది, తీసేశాం. 20న 36 గుడ్ల మీద రింగులు: 12 కంట్రోల్, 12 తక్కువ మోతాదు, 12 ఎక్కువ మోతాదు. ద్రావణం ఎప్పటికప్పుడు కలిపి వెంటనే వేశాం, తెల్లబారలేదు.

మే 22

పదో రోజు. ఈ డైరీలో నేను అన్నిటికంటే వివరంగా రాయాలనుకున్నది ఇదే.

ఒక గుడ్డులో రింగు లోపల నాళాల అల్లిక ఎండి జల్లెడైన రావి ఆకు ఈనెల్లా ఉంది. పెద్ద ఈనె, దాన్నుంచి చిన్నవి, వాటి నుంచి కంటికి ఆనీ ఆననివి. సందు లేదు. పక్క గుడ్డులో రింగు బయట అంతా అలాగే ఉంది. రింగు లోపల మాత్రం రెండు పెద్ద నాళాలు నిటారుగా దాటిపోతున్నాయి, వాటికి కొమ్మలు లేవు. మధ్యలో ఖాళీ. గాజుపలకలా తేటగా, కింద పచ్చసొన కనిపించేంత ఖాళీ. అయినా ఆ పెద్ద నాళాల్లో రక్తం పారుతూనే ఉంది, గుండె కొట్టుకుంటూనే ఉంది.

ఏది మందు గుడ్డో నాకు చెప్పకూడదు, జూనియర్ చెప్పలేదు కూడా. కానీ చూడగానే తెలిసిపోయింది.

నన్ను ఆపేసింది ఆ రెండు పెద్ద నాళాలే. మందు వాటిని ఏమీ చేయలేదు. ఎండగట్టలేదు. ఇకపై పుట్టాల్సిన కొమ్మలను పుట్టనివ్వలేదు, అంతే. ఇన్నాళ్లూ మా ఇంట్లో అనుకున్నది ఇది కాదు.

ఫొటోలు తీసి, ఖాళీ కనిపించిన గుడ్లలో సగానికి రింగు తీసేసి సెలైన్‌తో మెల్లగా కడిగాను. మందు ఆపేస్తే ఏమవుతుందో చూడాలని.

మే 24

పన్నెండో రోజు. కడిగిన గుడ్లలో ఖాళీ అంచుల నుంచి సన్నటి ఎర్ర మొలకలు లోపలికి పాకాయి. కడగని గుడ్లలో ఖాళీ దాదాపు అలాగే ఉంది. పొర ఈ వయసులో ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఇదంతా మందు ఆపడం వల్లే అనలేను. గడ్డ వేరు, గుడ్డు వేరు. కానీ ఎలుకల గడ్డల్లో ఇదే విషయం 2006లో గట్టిగా చూపించారు. మందుతో నాళాలు పోయినా వాటి చుట్టూ ఉండే పొర ఖాళీ తొడుగులా మిగులుతుంది. మందు ఆపగానే కొత్త కణాలు ఆ తొడుగులోంచే పాకి, వారంలో అల్లికంతా తిరిగి వస్తుంది.

అన్ని గుడ్లనీ నియమం ప్రకారం ఇవాళ ముగించాం. సాయంత్రం దాకా ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మే 27

లెక్కలు పూర్తయ్యాయి. ప్రతి ఫొటోలో ఒకే కొలత చదరంలో నాళం కొమ్మలుగా చీలే చోట్లు లెక్కపెట్టాను. మూడేసి సార్లు, మూడు వేర్వేరు రోజుల్లో. తర్వాత జూనియర్ కోడ్ విప్పింది. ఎక్కువ మోతాదు గుడ్లలో చీలికలు కంట్రోల్‌లో సగానికన్నా తక్కువ. తక్కువ మోతాదులో తగ్గుదల ఉంది కానీ గుడ్డుకీ గుడ్డుకీ తేడా ఎక్కువ, దాన్ని గట్టిగా చెప్పలేం. పెద్ద నాళాల సంఖ్యలో మూడు గుంపులకీ తేడా లేదు. థీసిస్‌లో ఈ ఆఖరి వాక్యానికి ఒక పేజీ కావాలని మేడంని అడిగాను. ఒప్పుకున్నారు.

మే 30

ఇవాళ పాత ట్రయల్స్ చదివాను. గుడ్డులో చూసినదాన్ని మనుషుల లెక్కల పక్కన పెట్టి చూద్దామని.

లివర్ క్యాన్సర్‌లో సొరాఫెనిబ్ ట్రయల్ 2008లో వచ్చింది. 602 మంది. మందు తీసుకున్నవాళ్లలో సగం మంది దాటిన కాలం 10.7 నెలలు. ఉత్తుత్తి బిళ్ళ తీసుకున్నవాళ్లకి 7.9 నెలలు. మూడు నెలలు కూడా లేదు తేడా. చిన్నదే, కానీ అంతకుముందు ఆ స్థితిలో ఉన్నవాళ్లకి ఆయుష్షు పెంచిన బిళ్ళే లేదు. అదే ట్రయల్‌లో స్కాన్‌లో గడ్డ చెప్పుకోదగ్గంత తగ్గింది ఎంతమందికో తెలుసా? 2 శాతం మందికి. ఈ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గడ్డ తగ్గకపోయినా మందు పనిచేస్తూ ఉండొచ్చు. పెద్దమ్మ ఆ రాత్రి అడిగినదానికి జవాబు ఈ 2 శాతంలో ఉంది. ఎవరైనా అప్పుడే కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆవిడ అన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేది కాదు.

బెవాసిజుమాబ్ కథ ఇంకో రకం. అది నేరుగా వీఈజీఎఫ్‌ను పట్టేసే యాంటీబాడీ. పెద్దపేగు క్యాన్సర్‌కి కీమోతో కలిపి ఇస్తే 15.6 నెలలు 20.3 అయింది. 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కి 2008లో ఇచ్చిన అనుమతిని మాత్రం 2011లో వెనక్కి తీసుకున్నారు. గడ్డ పెరగకుండా కొన్నాళ్లు ఆగింది కానీ ఆయుష్షు పెరగలేదు, పైగా బీపీ, రక్తస్రావాల ప్రమాదం. ఒకచోట గడ్డ తగ్గకుండానే ఆయుష్షు పెరిగింది, ఇంకోచోట గడ్డ ఆగినా పెరగలేదు. ఒక్క స్కాన్ చూసి ఏమీ చెప్పలేం.

రక్తం ఆపే మందును కీమోతో ఎందుకు కలుపుతారు, రక్తం ఆగితే కీమో మందు గడ్డలోకి ఎలా వెళ్తుంది అన్న సందేహం నాకు మొదటినుంచీ ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి బోస్టన్‌లో స్థిరపడ్డ రాకేష్ జైన్ 2001లో దీనికొక వివరణ ఇచ్చారు. గడ్డ నాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. వీఈజీఎఫ్ తగ్గితే కొన్నాళ్లు అవి సర్దుకుని మామూలు నాళాల్లా పారతాయి, ఆ కొద్ది కాలంలో కీమో లోపలికి బాగా వెళ్తుంది. ఇప్పుడు లివర్ క్యాన్సర్‌కి బెవాసిజుమాబ్‌ను అటెజోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి ఉసిగొల్పే) మందుతో కలిపి ఇస్తున్నారు. 2020లో వచ్చిన ట్రయల్‌లో ఆ జంట సొరాఫెనిబ్‌ను దాటింది. ఏడాది దాటి బతికినవాళ్లు 67.2 శాతం, సొరాఫెనిబ్‌తో 54.6 శాతం.

జూన్ 3

తెనాలి వెళ్లాను. పెద్దమ్మకి ఫోన్లో ఫొటోలు చూపించాను. ముందు కంట్రోల్ గుడ్డు, తర్వాత మందు గుడ్డు.

"ఇదేంటే, ఈ రెండూ అలాగే ఉన్నాయిగా" అంది పెద్ద నాళాల మీద వేలు పెట్టి.

"అవి పెద్ద కాలువలు పెద్దమ్మా. వాటిని ఈ మందు ముట్టుకోదు. అక్కడి నుంచి కొత్తగా బోదెలు తీయనివ్వదు. గడ్డ ఉన్నంత ఉంటుంది, కొత్త చేలోకి నీళ్లు పారవు."

ఫొటోని పెద్దది చేసి చూసింది. ఖాళీగా ఉన్న చోట వేలితో చుట్టూ గీసింది.

"అయితే ఆయన అరచేతులు బొబ్బలెక్కి, ముద్ద కూడా పట్టుకోలేకపోయింది..."

"అది ఈ మందు వల్లే. చాలామందికి వస్తుంది. అరచేతులు, అరికాళ్లు మండుతాయి."

"నేను కలిపి పెట్టేదాన్ని" అంది. కాసేపాగి, "నకిలీవి కావుగా మరి?" అంది.

"కావు పెద్దమ్మా."

ఫోన్ నా చేతికిచ్చి, కళ్లు తుడుచుకుని, వంటింట్లోకి వెళ్లింది. రెండు నిమిషాలకి మళ్లీ వచ్చి, "ఆ మొదటి ఫొటో మా ఫోన్లోకి పంపు, రెండోది కూడా" అంది. రెండూ పంపాను.

జూన్ 5

మూడో విడతకి 60 గుడ్లు చెప్పాం, వచ్చే వారం. ఈసారి తక్కువ మోతాదు గుంపులో 20 గుడ్లు పెడుతున్నాం, తేడా నిజమో కాదో తేలాలి. కడిగే గుడ్లతో పాటు కంట్రోల్ గుడ్లలో కూడా రింగులు తీసి కడగాలి. మే 24న ఆ ఒక్కటీ మర్చిపోయాను. నున్నటి పెంకులే ఏరి ఉంచమని హ్యాచరీ అన్నకి ఫోన్ చేశాను.